మిషన్ స్కూల్లో బైబిల్ పీరియడ్: అన్ని మతాల పిల్లలున్న క్లాసులో ఎలా చెప్పాలి?

నల్గొండలో ఒక క్రిస్టియన్ ప్రైమరీ స్కూల్లో కొత్తగా చేరాననీ, మూడు, నాలుగు తరగతులకు బైబిల్ పీరియడ్ ఇచ్చారనీ మీరు రాశారు. క్లాసులో ఎక్కువమంది హిందువుల పిల్లలు, కొందరు ముస్లింల పిల్లలు కాబట్టి ఏం చెబితే ఎవరేమనుకుంటారోనని టెన్షన్‌గా ఉందన్నారు. నేను మహబూబ్‌నగర్ వైపు మిషన్ స్కూల్లో చాలా ఏళ్లు ఇదే పీరియడ్ చెప్పాను. నాకు తెలిసిన మార్గం ఒకటే: కథను దాచకుండా, తగ్గించకుండా పూర్తిగా చెప్పండి. పిల్లల చేత మాత్రం ఏదీ ఒప్పించాలని చూడకండి.

ముందు చట్టం సంగతి. రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీలకు సొంత స్కూళ్లు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 28(3) ప్రకారం ప్రభుత్వ గుర్తింపు గానీ ఎయిడ్ గానీ ఉన్న బడిలో పిల్లల్ని మతబోధలో, ప్రార్థనలో కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. అడ్మిషన్ ఫారంలో ఆ సంతకం ఉందో లేదో హెచ్‌ఎంను అడగండి. చాలా క్యాథలిక్ బడుల్లో తమ పిల్లలకు సత్యోపదేశం (క్యాథలిక్ విశ్వాస పాఠాలు), మిగతావాళ్లకు మోరల్ సైన్స్ విడిగా పెడతారు. మీ దగ్గర అందరినీ కలిపే కూర్చోబెడుతుంటే, మీరు చెప్పాల్సింది భక్తి పాఠమా, బైబిల్ గురించిన పాఠమా అన్నది ఇప్పుడే తేల్చుకోండి.

మొదటి రోజు చాలామంది టీచర్లు చేసే పని ఒకటుంది. "మీలో క్రైస్తవులెవరు, చేతులెత్తండి" అంటారు. దయచేసి అలా అడగొద్దు. మన పాలమూరు, నల్గొండ పల్లెల్లో చర్చికి వెళ్లేవాళ్లలో చాలామంది దళితులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కిందికి వస్తారు. అందుకే ఇంట్లో చేసే ప్రార్థన ఒకటి, సర్టిఫికెట్‌లో రాసింది ఇంకొకటి అయిన కుటుంబాలు ఉన్నాయి. ఎనిమిదేళ్ల పిల్లకు ఈ చట్టాలేవీ తెలియవు. "బయట చెప్పకు బిడ్డా" అని అమ్మ అన్న మాట మాత్రం గుర్తుంటుంది. చెయ్యి ఎత్తాలో వద్దో తెలియక పక్కవాళ్ల మొహాలు చూస్తుంది. పసిపిల్లను అలా నిలబెట్టే హక్కు మనకు లేదు.

ఇక కథలు. లూకా 15లోని తప్పిపోయిన గొర్రెతో మొదలుపెట్టండి, మన దగ్గర గొల్లకురుమల పిల్లలు లేని క్లాసు అరుదు. వంద గొర్రెల్లో ఒకటి తప్పిపోతే కాపరి తొంభైతొమ్మిదింటినీ అడవిలో విడిచి దాన్ని వెతకడానికి వెళ్లాడని నేను చెప్పగానే వెనక బెంచీ పిల్లాడు లేచాడు. "గట్లెట్ల పోతడు టీచర్? తోడేలొస్తే మందనెవరు సూస్తరు?" క్లాసంతా నవ్వింది, వాడు నవ్వలేదు. వాళ్ల నాన్న ఎండాకాలం మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోతాడట. ఎప్పుడూ ఒక్కడే పోడట, తోడు మనిషీ కుక్కా ఉండాల్సిందేనట. వాణ్ని ముందుకు పిలిచి మంద ఎలా కాస్తారో అందరికీ చెప్పమన్నాను. అంతా అయ్యాక, "మరి ఈ కాపరి ఇంత రిస్కు ఎందుకు తీసుకున్నట్టు?" అని అడిగాను. "గా ఒక్కటి గూడ ఆయనదే గద టీచర్" అంది ముందు బెంచీ పాప. "దేవుడు అలాంటి కాపరి అని క్రైస్తవులు నమ్ముతారు" అని ఒక్క మాట చెప్పి ఆపేశాను. నేను విశ్వాసినే. ఆ కథకు నా వివరణ అంతకంటే అక్కర్లేదు.

"క్రైస్తవులు ఇలా నమ్ముతారు" అన్న మాటను అలవాటు చేసుకోండి. చర్చికి వెళ్లే పిల్లలకు దానివల్ల తక్కువయ్యేది లేదు, మిగతావాళ్లు స్వేచ్ఛగా వింటారు. యోసేపు కథ చెబితే ముస్లిం పిల్లలు ఎగిరి గంతేస్తారు, ఖురాన్ 12వ సూరా యూసుఫ్ కథే మరి. నోవహు వాళ్లకు నూహ్, మరియ వాళ్లకు మరియం. వాళ్లింట్లో విన్నట్టు వాళ్లను చెప్పనివ్వండి. సిలువ దగ్గరికి వచ్చేసరికి దారులు వేరవుతాయి. ఇస్లాంలో ఈసా గొప్ప ప్రవక్త, దేవుని కుమారుడు కాదు, సిలువ మీద చనిపోలేదు. ఏ పిల్లాడైనా ఆ మాట అంటే తప్పని కొట్టేయకండి. రెండు ఇళ్లలో రెండు నమ్మకాలని చెప్పి పాఠం కొనసాగించండి.

క్రైస్తవ పిల్లల్లో కూడా తేడాలున్నాయి. పది ఆజ్ఞలు చెప్పేటప్పుడు "ఐదో ఆజ్ఞ ఏది?" అని అడగొద్దు. క్యాథలిక్ లెక్కలో అది "నరహత్య చేయరాదు", బాప్టిస్టు, మెన్నోనైట్, సీఎస్‌ఐ లాంటి ప్రొటెస్టెంట్ ఇళ్లలో "తల్లిదండ్రులను సన్మానించు". ఇద్దరు పిల్లలూ కరెక్టే, ఒకరు మాత్రం తప్పు చెప్పానని ఏడుస్తూ ఇంటికి పోతారు.

ప్రార్థన సమయంలో చేతులు జోడించమని ఎవరినీ బలవంతం చేయకండి, నిశ్శబ్దంగా ఉంటే చాలు. పరీక్ష పెట్టాల్సి వస్తే "యేసు ఎవరు?" అని కాక "యేసు ఎవరని క్రైస్తవులు నమ్ముతారు?" అని ప్రశ్న రాయండి. కంఠత వాక్యాలకు మార్కులు పెట్టకండి. మార్కుల కోసం పిల్ల ఇంట్లో బట్టీ పడుతుంటే విన్న తండ్రికి మీ ఉద్దేశం వేరుగా అర్థమవుతుంది. కథను సొంత మాటల్లో చెప్పమనండి, బొమ్మ గీయమనండి, మార్కులు వాటికి వేయండి.