పండ్లు అమ్మేశాక కొత్త స్ట్రాబెర్రీ రకానికి రక్షణ దొరుకుతుందా?

ప్రశ్న: రెండు స్ట్రాబెర్రీ రకాలను క్రాసింగ్ చేసి, వచ్చిన విత్తనాలతో కొన్ని వందల మొక్కలు పెంచాను. అందులో ఒక్క మొక్క కాయ మాత్రం బాగా తియ్యగా, గట్టిగా ఉంది. మూడేళ్లుగా దాని రన్నర్ల (నేల మీద పాకే తీగల) నుంచే పిలకలు తీసి పెంచుతున్నాను. పోయిన సీజన్‌లో కొన్ని బుట్టల పండ్లు అమ్మాను. ఇద్దరు మిత్రులకు మొక్కలు కూడా ఇచ్చాను. తల్లి రకం మీద వేరేవాళ్లకు హక్కు ఉంది. నా రకానికి చట్టరీత్యా రక్షణ వస్తుందా? డీఎన్ఏ రిపోర్టు ఒక్కటి ఉంటే చాలంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందు పండ్లు అమ్మిన సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అదే.

కొత్త వంగడాల రక్షణకు 1961లో యూపోవ్ అనే అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 1991లో దాన్ని బాగా సవరించారు. చాలా దేశాల చట్టాలు దాని దారిలోనే నడుస్తాయి. ఆ ఒప్పందం ప్రకారం, మీరు దరఖాస్తు పెట్టే దేశంలో ఆ రకం అమ్మకం మొదలై ఏడాది దాటకూడదు. బయటి దేశాల్లో అయితే 4 ఏళ్లు దాటకూడదు. చెట్లకు, ద్రాక్ష లాంటి తీగలకు బయటి గడువు 6 ఏళ్లు ఉంటుంది గానీ, రన్నర్లు పాకుతాయి కదా అని స్ట్రాబెర్రీని ఆ లెక్కలో వేయరు. చాలామంది పొరపాటు పడేది ఇంకోచోట. మొక్కలు అమ్మితేనే అమ్మకం అనుకుంటారు. పండ్లు అమ్మినా లెక్కలోకి వస్తుంది. అంటే మీ మొదటి బుట్ట అమ్ముడైన రోజు నుంచే గడువు నడుస్తోంది. భారతదేశం యూపోవ్ సభ్యదేశం కాదు, 2001లో సొంత చట్టం చేసుకుంది. అందులోనూ దేశంలోపలి అమ్మకానికి ఏడాది గడువే. పైగా అక్కడ ప్రభుత్వం నోటిఫై చేసిన పంటలకే కొత్త వంగడంగా దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి ముందు ఆ జాబితా చూసుకోవాలి.

మిత్రులకు ఇచ్చిన మొక్కల విషయం అంత ప్రమాదం కాదు, అవి పరీక్ష కోసమే ఇచ్చి ఉంటే. ఎప్పుడు ఇచ్చారు, ఎన్ని ఇచ్చారు, ఎందుకిచ్చారు అన్నది వాళ్లిద్దరితో ఇప్పుడే రాయించుకోండి. కాగితం మీద ఈ రోజు తేదీయే వేయండి. పాత తేదీ వేస్తే రేపు ఆ కాగితమే మీ కేసును ముంచుతుంది.

ఇక అసలు విషయం. మీ రకం మిగతావాటి కంటే వేరు అని ఎలా చూపించాలి?

'తియ్యగా ఉంది' అన్నది మీకూ నాకూ చాలు, పరీక్షించే అధికారికి చాలదు. అదే మొక్క, నీళ్లు ఎక్కువైతే ఒక తీపి, రాత్రి చలి పెరిగితే ఇంకో తీపి. కోత రెండు రోజులు ముందైనా మారిపోతుంది. చట్టం అడిగేది, దరఖాస్తు రోజుకు లోకానికి తెలిసిన ప్రతి రకం నుంచీ స్పష్టంగా విడదీసి చూపగల తేడా. లోకానికి తెలిసినవి అంటే హక్కు ఉన్నవి మాత్రమే కాదు, మార్కెట్లో ఉన్న పాత రకాలు కూడా. కాబట్టి మీ మొక్కకు అన్నిటికంటే దగ్గరి పోలిక ఉన్న రకం ఏదో మీరే ముందు వెతికి పట్టుకోవాలి. నా అనుభవంలో దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సులువుగా తేడా కనిపించే రకాన్ని పక్కన పెట్టి పోల్చుకుంటారు, అధికారి అసలైన కవలను తెచ్చి పక్కన నాటిస్తాడు.

ఆ రెండింటినీ ఒకే నేలలో, ఒకే రోజు, ఒకే వయసు పిలకలతో నాటండి. కనీసం రెండు సీజన్లు చూడండి. ఆకులోని మూడు చిన్నాకుల్లో మధ్యదాని ఆకారం, అంచు గంట్లు, మెరుపు. పూలగుత్తి ఆకుల పైకి వస్తోందా, కిందే ఉండిపోతోందా. పూరేకులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా, మధ్య ఖాళీ ఉందా. పండు మీది గింజలు తొక్కలోకి దిగి ఉన్నాయా, సమంగా ఉన్నాయా, పైకి తేలాయా. తొడిమ దగ్గరి పచ్చటి రేకులు పండును అంటుకున్నాయా, పైకి లేచాయా. కోస్తే లోపలి రంగు ఏమిటి, గుల్ల ఉందా. పూత, పండు మొదలైన తేదీలు, కాపు ఒక్కసారేనా మళ్లీ మళ్లీ వస్తోందా అన్నవి కూడా. అందం కోసం తీసిన ఫొటో కంటే, పక్కన స్కేలు పెట్టి తేదీతో తీసిన ఫొటో విలువ ఎక్కువ. 'గట్టిగా ఉంది' అన్న మీ మాట నిలబడుతుంది, కానీ అది కూడా పక్క రకంతో పోల్చి కొలిచినప్పుడే.

ఏకరూపత, అంటే మొక్కలన్నీ ఒకేలా ఉండాలన్న షరతులో మీకు ఒక వరం ఉంది, ఒక గండం ఉంది. మనం తినే స్ట్రాబెర్రీలో 8 క్రోమోజోమ్ సెట్లు, మొత్తం 56 క్రోమోజోములు ఉంటాయి, అవి గింజ గింజకూ వేరేగా కలుస్తాయి. అందుకే ఒక్కో విత్తనం ఒక్కో కొత్త మొక్క. రన్నర్ పిలక మాత్రం అచ్చం తల్లే, అది వరం. గండం ఏమిటంటే, పక్క సాలు రన్నర్ మీ సాలులోకి పాకి వేరు దిగుతుంది, రాలిన పండులోని గింజ అక్కడే మొలుస్తుంది. పరీక్ష మడిలో ఇలాంటి తేడా మొక్కలు కనిపిస్తే మీ రకమే ఒకేలా లేదని రాసేస్తారు. మడులు దూరంగా వేయండి, రాలిన పండ్లు ఏరేయండి.

డీఎన్ఏ రిపోర్టు మంచిదే. మొక్క ఎవరిదో గుర్తించడానికి, రేపు ఎవరైనా దొంగతనంగా పెంచితే పట్టుకోవడానికి పనికొస్తుంది. కానీ హక్కు ఇచ్చేది కంటికి కనబడి కొలతకు అందే లక్షణాల మీద. రిపోర్టు ఒక్కటే పెట్టి దరఖాస్తు చేయకండి.

తల్లి రకం సంగతి. యూపోవ్ చట్టాల్లో, హక్కు ఉన్న రకాన్ని కొత్త రకం పుట్టించడానికి వాడుకోవడం తప్పు కాదు. ఆ రకంలో వచ్చిన చిన్న మార్పునే పట్టుకుని కొత్తదంటే మాత్రం పాత యజమాని అనుమతి లేకుండా అమ్ముకోలేరు. రెండు వేర్వేరు రకాల క్రాసింగ్‌లో ఆ చిక్కు మామూలుగా రాదు. అసలు చిక్కు ఒప్పందంలో ఉంటుంది. మొక్కలు కొన్నప్పుడు 'వీటితో కొత్త రకాలు పుట్టించరాదు' అన్న షరతు మీద సంతకం పెట్టి ఉంటే, చట్టం ఒప్పుకున్నదాన్ని మీరే వదులుకున్నట్టు. 2017లో కాలిఫోర్నియాలో ఒక విశ్వవిద్యాలయానికీ, అక్కడ పనిచేసి బయటికొచ్చిన స్ట్రాబెర్రీ శాస్త్రవేత్తలకూ మధ్య నడిచిన దావాలో, విశ్వవిద్యాలయం రకాలతో చేసిన క్రాసింగ్‌ల గురించే పోట్లాట. జ్యూరీ విశ్వవిద్యాలయం పక్షాన తేల్చింది.

మొదటి అమ్మకం తేదీ వెతికి, ఏడాది నిండకముందే దరఖాస్తు పెట్టండి. అది పెట్టేదాకా ఒక్క పండు కూడా అమ్మకండి. తల్లి మొక్కలు కొన్న బిల్లు, దాంతో ఇచ్చిన షరతుల కాగితం నాకు పంపండి. అవి చదవకుండా ఆ భాగం మీద ఖాయంగా మాట ఇవ్వలేను.