ట్రేలో పండు పెట్టుకోమని పిల్లలకు ముందే చెప్పండి

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. మావారికి అమెరికాలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఆగస్టులో ఇద్దరు పిల్లలతో వెళ్తున్నాం. ఒకరు ఒకటో క్లాసు, ఇంకొకరు నాలుగు. మేం శాకాహారులం. అక్కడి స్కూళ్లలో తిండికి చాలా రూల్స్ ఉన్నాయట, బాక్సులు కూడా చెక్ చేస్తారట. బాక్స్ పంపాలా, స్కూల్లోనే తినమనాలా?

జవాబు: ముందు మీ టెన్షన్ తీర్చేస్తానమ్మా. ఇంటి నుంచి పంపే బాక్సుకు అక్కడి ప్రభుత్వ పోషకాహార నియమాలు వర్తించవు. అవి స్కూలు పెట్టే భోజనానికీ, స్కూల్లో అమ్మే చిరుతిళ్లకూ, డ్రింకులకూ మాత్రమే. మీరు పులిహోర పంపినా, పెరుగన్నం పంపినా ఎవరూ కేలరీలు లెక్కపెట్టరు. పల్లీలు, జీడిపప్పు మాత్రం ఎలర్జీల వల్ల కొన్ని స్కూళ్లు వద్దంటాయి. అది వెళ్లాక అడిగితే చెప్తారు.

మీరు ఆలోచించాల్సింది బాక్సు గురించి కాదు, డబ్బు గురించి. మీ వయసు వాళ్లు ఫోన్లో అన్నీ చూసేసుకుంటారు గానీ, ఖాతాలో డాలర్లు ఎక్కడ కారిపోతాయో ఫోన్ చెప్పదు. స్టైపెండ్‌తో సంసారం ఈదినదాన్ని కాబట్టి చెప్తున్నాను.

మేం 2013లో వెళ్లాం. డాలరు 68 రూపాయలు దాటిన ఆగస్టు అది. మావారు పీహెచ్‌డీ, నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. ఉల్లిపాయలు కొన్నా మనసులో 68తో గుణించుకునేదాన్ని. మావాడికి అప్పుడు ఏడేళ్లు. మొదటి రోజే బ్యాగులో ఒక కాగితాల కట్ట పెట్టి పంపారు. అందులో ఉచిత భోజనం, తగ్గింపు ధర భోజనం కోసం ఒక దరఖాస్తు ఉంది. మా నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. ఆయన మనవడు ఊరికే తినాలా అనిపించి, దాన్ని చెత్తబుట్టలో పడేశాను.

మావాడి భోజనం ఖాతాలో 40 డాలర్లు వేశాను. పూట భోజనం 2 డాలర్ల 40 సెంట్లు. పదహారు రోజులు రావాలి. పన్నెండో రోజుకే ఖాతా మైనస్‌లోకి వెళ్లిందని చీటీ వచ్చింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాడు క్యాంటీన్‌కి వెళ్లి అడిగితే క్యాషియరమ్మ స్క్రీన్ నా వైపు తిప్పింది. పన్నెండు రోజులూ అవే రెండు వరుసలు: చీజ్ పిజ్జా 3 డాలర్లు, పాలు 60 సెంట్లు. మొత్తం భోజనమే 2.40 అయినప్పుడు అందులో రెండు వస్తువులకు 3.60 ఎలా అవుతుందని అడిగాను.

ఆవిడ చెప్పింది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. భోజనంలో ఐదు రకాలు పెడతారు: పండు, కూరగాయ, ధాన్యం, మాంసం లేదా దానికి బదులు చీజ్, బీన్స్ లాంటివి, ఆ తర్వాత పాలు. చాలా స్కూళ్లలో ఐదూ తీసుకోనక్కర్లేదు, మూడు చాలు. కానీ ఆ మూడింటిలో ఒకటి అరకప్పు పండో కూరగాయో అయి తీరాలి. 2010లో చట్టం వచ్చి, 2012 నుంచి ఈ రూలు అమల్లోకి వచ్చింది. అది ఉంటేనే ఆ ట్రేకి ప్రభుత్వం స్కూలుకి డబ్బిస్తుంది. లేకపోతే అది భోజనం కింద లెక్కకు రాదు, ఒక్కోదానికీ విడి రేటు కొడతారు.

మావాడు పండు ఎందుకు తీసుకోలేదంటే, నేను చెప్పినందుకే. తినలేనిది కంచంలో పెట్టుకోకు నాన్నా, పారేస్తే పాపం అని పుట్టినప్పటి నుంచీ నేర్పాను. వాడు బుద్ధిగా నా మాట విన్నాడు. దానికి రోజుకి 82 రూపాయలు ఎక్కువ కట్టాం. ఆ పన్నెండు రోజుల డబ్బుతో ఎంవీపీ రైతుబజార్‌లో మా అమ్మకు రెండు వారాల కూరలు వచ్చేవి. ఆ రోజు కారు పార్కింగ్‌లో కూర్చుని ఏడ్చాను.

దరఖాస్తు పెట్టారా అని క్యాషియరమ్మే అడిగింది. కొత్త కాగితం తెచ్చి ఆ సాయంత్రమే నింపాను. ఆదాయం, ఇంట్లో ఎంతమంది, సంతకం చేసేవారి సోషల్ సెక్యూరిటీ నంబరులో, అంటే అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరులో, చివరి నాలుగు అంకెలు, అంతే. నంబరు లేకపోతే లేదని టిక్ పెట్టే గడి ఉంది. వీసా ఏమిటని అడగరు. ఆ విషయంలో అనుమానం ఉంటే మీవారి యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును అడగండి. ఆదాయం పేదరిక రేఖకు 130 శాతం లోపుంటే ఉచితం, 185 శాతం లోపుంటే తగ్గింపు ధర. మాకు తగ్గింపు వచ్చింది: భోజనం 40 సెంట్లు, పొద్దున టిఫిన్ 30. అంతకు మించి తీసుకోకూడదు. పాత మైనస్ మాత్రం మేమే కట్టుకున్నాం, అందుకే మొదటి వారంలోనే పెట్టండి. స్టైపెండ్ మీద నలుగురు కాబట్టి మీకు ఉచితమే రావచ్చు. కాలిఫోర్నియా, మెయిన్, మిన్నెసోటా లాంటి రాష్ట్రాల్లోనైతే ఆదాయం చూడకుండా అందరికీ ఉచితంగా పెడతారు.

ఇక చిరుతిళ్లు. స్కూల్లో అమ్మే స్నాక్ 200 కేలరీలు, 200 మిల్లీగ్రాముల సోడియం దాటకూడదు, బరువులో చక్కెర 35 శాతం మించకూడదు. చిన్నపిల్లల స్కూళ్లలో కూల్‌డ్రింకులు అమ్మరు. 2014 జూలై నుంచి ఇలాంటి రూల్స్ ఉన్నాయి, వివరాలు మీరే చూసుకోవచ్చు. ఇప్పుడు సెలవులకు వచ్చి అమ్మావాళ్లింట్లో ఉన్నాను. వీధి చివర స్కూలు గేటు పక్కనే చిప్స్ ప్యాకెట్ల దండలు వేలాడుతున్నాయి. గేటుకు 50 మీటర్ల లోపు ఇలాంటివి అమ్మకూడదని మన దేశంలోనూ 2020లో నిబంధన వచ్చింది. చూస్తుంటే బాధేస్తుంది. అమెరికాలో రూలు గట్టిగానే పాటిస్తారు, కానీ రూలు పాసైన చిప్స్‌కి కూడా డాలరే. విడి వస్తువులు అమ్మొద్దని పిల్లల ఖాతా మీద రాయించండి. మేం రాయిస్తే ఆపేశారు.

పుట్టినరోజుకి మాడుగుల హల్వా పట్టుకెళ్లొద్దు. నేను పట్టుకెళ్లాను. జీడిపప్పు ఉంది, పైగా ఇంటి నుంచి తెచ్చిందని మర్యాదగానే ఆఫీసులోంచి వెనక్కి పంపారు. ఇలాంటివి ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, టీచర్‌ని అడగండి.

శాకాహారానికి చీజ్ పిజ్జా, రొట్టెలో బీన్స్ చుట్టి ఇచ్చే బరిటో లాంటివి దొరుకుతాయి. నెల మెనూ ముందే ఇస్తారు. మాంసం వచ్చే రోజులు గుర్తుపెట్టుకుని ఆ రోజులకే బాక్స్ కట్టండి, మిగతా రోజులు స్కూల్లో తిననివ్వండి. మావాడు అలాగే పెరిగి ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతున్నాడు.

పండు తినకపోయినా ట్రేలో పెట్టుకోమనండి. మా స్కూల్లో ఒక పండు ఇంటికి తెచ్చుకోనిచ్చేవారు, మీ దగ్గర ఎలాగో కనుక్కోండి. మావాడు రోజూ బ్యాగులో ఒక ఆకుపచ్చ యాపిల్ తెచ్చేవాడు, పుల్లగా, గట్టిగా ఉండేది. శుక్రవారానికి నాలుగైదు పోగయ్యేవి. తొక్క తీసి తురిమి, ఆవాలు, పచ్చిమిర్చి తాలింపు పెట్టి అన్నంలో కలిపితే అచ్చం మామిడికాయ పులిహోరే.