ముందు ఆడవాళ్ళని అడుగు

గుంటూరు

చి. సుజాతకు పెద్దత్త ఆశీస్సులు.

మన గుంటూరు స్వాతంత్ర్య సమరయోధురాలు ఉన్నవ లక్ష్మీబాయమ్మగారి మీద పుస్తకం రాస్తావని, దానికోసం ఉద్యోగానికి సెలవు పెట్టావని మీ నాన్న చెప్పాడు. వాడికి టెన్షన్, నాకు గర్వం. ఫోన్ పెట్టేశాక నాకూ భయం పట్టుకుంది. జీతం లేని సెలవటగా, ఈఎంఐలు ఎవరు కడతారే? సరే, అది నువ్వూ మీ ఆయనా చూసుకోండి.

వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలున్నాయి, వెళ్ళు. కాగితాలు పెళుసుగా ఉంటాయి, మెల్లగా తిప్పు. ప్రతి తేదీనీ రెండు చోట్ల సరిచూసుకో. లక్ష్మీబాయమ్మగారు 1922లో ఆడపిల్లల చదువుకోసం శారదానికేతనం పెట్టడం, 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళడం ఎక్కడైనా దొరుకుతాయి. కానీ ఆవిడ కోసం వెతికితే ముందు భర్త లక్ష్మీనారాయణగారు, ఆయన జైల్లో రాసిన ‘మాలపల్లి’ నవలా ఎదురొస్తాయి. చాలామంది అక్కడే ఆగిపోయారు. నువ్వూ ఆగిపోతావేమోనని నా బెంగ.

మా అత్తగారి సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 1930లో ఆవిడ కొత్త కోడలు. విదేశీ బట్టల కొట్ల ముందు పికెటింగ్‌కి వెళ్ళేది. మామగారు జైల్లో ఉన్నన్నాళ్ళూ వలంటీర్లకి వండిపెట్టింది. ఇంటింటికీ తిరిగి బియ్యం పోగుచేసి, ఎవరెంత ఇచ్చారో పెన్సిల్‌తో ఒక పుస్తకంలో రాసుకుంది. 1972లో కేంద్రం సమరయోధులకి పింఛను పెట్టి, ఆరు నెలల జైలు ఉండాలంది. మామగారికి వచ్చింది. జైలుకెళ్ళని ఆవిడ ఏ లెక్కలోకీ రాలేదు. తర్వాత చరిత్ర రాస్తామంటూ ఎవరో వచ్చి, ముందుగదిలో మామగారితోనూ మా పెద్ద బావగారితోనూ మధ్యాహ్నమంతా మాట్లాడారు. ఆవిడ కాఫీలు అందించింది. వచ్చినాయన మర్యాదకి "అమ్మగారు కూడా ఏమైనా..." అనబోతే, "అమ్మకేం తెలుసండీ, వంటింట్లోనే ఉండేది" అన్నారు బావగారు. చెడ్డమనిషేం కాదు, నిజంగానే అలా అనుకున్నారు. పికెటింగ్ నాటికి ఆయన పుట్టనేలేదు మరి! ఆవిడ పోయాక ట్రంకుపెట్టె ఖాళీ చేస్తూ ఆ పెన్సిల్ పుస్తకాన్ని పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేశారు. ఏ వీధిలో ఏ ఇల్లు ఉద్యమానికి అన్నం పెట్టిందో అందులో ఉండేది. ఇప్పుడు ఎవర్ని అడుగుతావు?

1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ కమిటీ సమావేశంలో తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, ఊళ్ళల్లో 20 లక్షల రాట్నాలు అని తీర్మానించారు. ఆ రాట్నాలు తిప్పినవాళ్ళ పేర్లు తీర్మానంలో ఉండవు కదా.

అందుకని ఏ ఇంటికి వెళ్ళినా మధ్యాహ్నం, మగవాళ్ళు కునుకు తీసే వేళకి వెళ్ళు. ఆనాటివాళ్ళు లేరు, కూతుళ్ళూ కోడళ్ళూ ఉన్నారు. జైలు దగ్గర మొదలుపెట్టకు. రోజుకి ఎంతమందికి వండేవారట, అమ్మ ఊరేగింపుకి వెళ్తే పిల్లల్ని ఎవరు చూసుకున్నారట, అని అడుగు. వితంతు వివాహాలు జరిపించిన దంపతులు కదా, లక్ష్మీబాయమ్మగారిని ఊళ్ళో ఎవరెవరు ఏమన్నారో కూడా అడుగు. ఆవిడని దేవతని మాత్రం చేసేయకు. పెట్టెలో ఏది కనబడినా అక్కడే ఫోన్‌తో ఫోటో తీసుకో, ఇంటికి పట్టుకురాకు. అన్నదమ్ముల మధ్య తగాదాలుంటాయి, నీ మీదకొస్తుంది.

మే నెలలో మాత్రం రావద్దు. ఈ ఎండకి పడిపోతే మీ నాన్నకి నేను జవాబు చెప్పలేను. బెజవాడలో హోటల్ గదులెందుకే, దండగ. ఇక్కడ మేడమీద గది సున్నం వేయించాను, ఇన్వర్టర్ కూడా పెట్టించాను. రాత్రిళ్ళు ఎంతసేపు రాసుకున్నా అడగను. భోజనానికి మాత్రం పిలవగానే దిగిరావాలి.

మీ పెద్దత్త