గేమింగ్ ల్యాప్‌టాప్ లేకపోతే ఏఐ చదువులో వెనకబడిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్‌లో ఏఐ, మెషిన్ లెర్నింగ్ బ్రాంచిలో చేరుతోంది. వచ్చే నెల నుంచి తరగతులు. గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్ లేకపోతే ఈ బ్రాంచిలో నెగ్గుకురావడం కష్టమని మా బంధువులబ్బాయి గట్టిగా చెబుతున్నాడు. అమ్మాయేమో మ్యాక్‌బుక్ అంటోంది. ఇప్పుడే కొనిస్తే గేములు, సినిమాలతో పాడైపోతుంది, రెండో సంవత్సరంలో చూద్దామని మా వారంటున్నారు. అసలు ఎప్పుడు కొనాలి? ఏది కొనాలి? - ఒక తల్లి

జవాబు: అడ్మిషన్లు మొదలైన దగ్గర్నుంచీ ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. మోడళ్ల పేర్లు మారతాయి. అడిగేవాళ్ల గుబులు మాత్రం ఒకటే: మనం సరైనది కొనివ్వక పిల్ల వెనకబడిపోతుందేమో అని. వెనకబడదమ్మా. మొదటి ఏడాది తను రాసేవి సీ, పైథాన్ ప్రోగ్రాములు. వంద లైన్లు దాటని ఆ ప్రోగ్రాములు ఆరేడేళ్ల పాత ల్యాప్‌టాప్‌లో కూడా క్షణాల్లో నడుస్తాయి. రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) బుర్రకెక్కకపోతే ఎంత ఖరీదైన మెషిన్ అయినా ఎక్కించలేదు. ఈ నెలలోనే తేల్చేయాలన్న తొందరను ముందు పక్కన పెట్టండి.

ఎప్పుడు అన్నదానికి నా సమాధానం: తరగతులు మొదలైన మూడు నాలుగు వారాలకు. అప్పటికి ఏ ల్యాబ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో, సాయంత్రాలు ల్యాబ్ తెరిచి ఉంచుతారో లేదో, ఆన్‌లైన్ పరీక్షలకు విండోస్ తప్పనిసరో కాదో తెలిసిపోతుంది. ఈ మూడు ప్రశ్నలూ అమ్మాయి డిపార్ట్‌మెంట్‌లో అడిగి రాసుకురావాలి. సీటు వచ్చిన సంతోషంలో ముందే కొని అట్టపెట్టెలో దాచేవాళ్లున్నారు. వారంటీ సాధారణంగా బిల్లు తేదీ నుంచే లెక్క. రెండు నెలలు పెట్టెలో ఉంటే ఏడాది వారంటీలో రెండు నెలలు పోయినట్టే. స్క్రీన్ మీద చుక్కో, వదులు కీబోర్డో బయటపడేసరికి వాపసు గడువు కూడా దాటిపోతుంది.

ఇంకాస్త ఆగితే రేటు తగ్గుతుందా అంటే, దాని మీద ఆధారపడకండి. ఏటా జనవరిలో జరిగే సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా కొత్త చిప్‌లు ప్రకటిస్తాయి. ఆ తర్వాతి నెలల్లో కొత్త మోడళ్లు వస్తాయి, పాతవి కాస్త దిగుతాయి. కానీ 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. అప్పుడు ఎదురుచూసినవాళ్లు ఎక్కువ పెట్టాల్సి వచ్చింది. పని మొదలయ్యే వేళకు చేతిలో ఉండాలి, అంతే లెక్క.

మీ వారు చెప్పినట్టు రెండో ఏడాది దాకా ఆపడం మాత్రం తప్పు. కటువుగా ఉన్నా చెబుతున్నాను. ప్రోగ్రామింగ్ వింటే రాదు, రోజూ కూర్చుని టైప్ చేసి, తప్పులు చేసి, ఆ తప్పులు దిద్దుకుంటే వస్తుంది. వారానికి రెండు మూడు గంటల ల్యాబ్‌తో చెయ్యి తిరగదు. గేములు, సినిమాలంటారా, అవన్నీ ఇప్పటికే ఫోన్‌లో ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఆపితే ఆగేది చదువుకు పనికొచ్చే భాగమే. పద్దెనిమిదేళ్ల పిల్లను నమ్మి ఇంజినీరింగ్ చదువుకు పంపగలిగినవాళ్లు ఒక మెషిన్ విషయంలో ఎందుకు నమ్మలేకపోతున్నారు?

ఇక గేమింగ్ ల్యాప్‌టాప్. ఏఐ అనగానే గ్రాఫిక్స్ కార్డు అనే మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినబడుతోంది. అందులో సగమే నిజం. మెషిన్ లెర్నింగ్ మొదటి పాఠాలన్నీ, అంటే రిగ్రెషన్, డెసిషన్ ట్రీలు, క్లస్టరింగ్, సైకిట్-లెర్న్ లాంటి లైబ్రరీలతో మామూలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి. కొన్ని వేల వరుసల డేటాకు సెకన్లు పడుతుంది. గ్రాఫిక్స్ కార్డు అవసరం డీప్ లెర్నింగ్‌తో మొదలవుతుంది. అక్కడ వేగం కంటే ముందు అడ్డొచ్చేది కార్డులోని సొంత మెమరీ. ఆర్‌టీఎక్స్ 4050 ల్యాప్‌టాప్ కార్డులో ఉండేది 6 జీబీ. 700 కోట్ల పారామీటర్ల (మోడల్ నేర్చుకునే అంకెల) భాషా మోడల్ ఒకదాన్ని ఒక్కో పారామీటర్‌కు 16 బిట్ల చొప్పున లోడ్ చేయడానికే 14 జీబీ కావాలి, పూర్తిస్థాయి శిక్షణకు దానికి ఎన్నో రెట్లు. 4 బిట్లకు కుదిస్తే నడిపి చూడొచ్చు గానీ, ఆపాటి ప్రయోగానికి నాలుగేళ్లు ఆ బరువు మోయక్కర్లేదు. కాలేజీ స్థాయి చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌లకు బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కోలాబ్, కాగుల్ సైట్లు సరిపోతాయి. అవి ఉచితంగా ఇచ్చే టీ4 కార్డులోనే 16 జీబీ మెమరీ ఉంటుంది. వాటికీ చికాకులున్నాయి: వాడకానికి పరిమితి, మధ్యలో సెషన్ తెగిపోవడం, తెగితే అప్పటిదాకా చేసింది పోవడం. అందుకే ప్రతి కొన్ని ఎపాక్‌లకు (డేటా మొత్తాన్ని మోడల్‌కు ఒకసారి చూపిస్తే ఒక ఎపాక్) ఒకసారి మోడల్‌ను గూగుల్ డ్రైవ్‌లో సేవ్ చేసే అలవాటు మొదటి రోజు నుంచే ఉండాలి. ఉద్యోగంలో కూడా పెద్ద శిక్షణలన్నీ సర్వర్ల మీదే నడుస్తాయి కనుక ఆ అలవాటు వృథా పోదు.

గేమింగ్ ల్యాప్‌టాప్ అంటే మామూలుగా రెండుంబావు, రెండున్నర కిలోలు. దానికి అరకిలో పైచిలుకు ఛార్జరు. ప్లగ్ పీకేస్తే చాలా వాటిలో బ్యాటరీ మూడు నాలుగు గంటలు దాటదు, పని పెరిగితే ఫ్యాన్ మోత క్లాసంతా వినబడుతుంది. పైగా కార్డు పేరు ఒకటే అయినా బలం ఒకటి కాదు. అదే 4050కి తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా కేటాయించుకోవచ్చు. పెట్టె మీద పేరు చూసి కొంటే బలహీనమైనదే చేతికి రావచ్చు. గేమ్ డెవలప్‌మెంట్, త్రీడీ రెండరింగ్, సిమ్యులేషన్ చేసే పిల్లలకైతే నేనే గ్రాఫిక్స్ కార్డు తీసుకోమంటాను. మీ అమ్మాయికి ఇప్పుడు ఆ అవసరం లేదు.

"ఏఐ పీసీ" స్టిక్కర్ గురించి కూడా చెప్పాలి. కోపైలట్ ప్లస్ పీసీ అని పేరు పెట్టాలంటే 40 టాప్స్ (సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు) పైన చేసే ఎన్‌పీయూ, అంటే ఏఐ లెక్కల కోసమే పెట్టిన చిప్ భాగం, 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ ఉండాలని మైక్రోసాఫ్ట్ 2024లో పెట్టిన నిబంధన. ఆ ఎన్‌పీయూ వీడియో కాల్‌లో వెనకాల దృశ్యాన్ని మసకబరచడం, మాటలకు క్యాప్షన్లు వేయడం లాంటి పనులను తక్కువ కరెంటుతో చేస్తుంది. మోడళ్లకు శిక్షణ ఇవ్వడానికి వాడే క్యూడా అనే సాఫ్ట్‌వేర్ ఎన్విడియా కార్డులది, దానికీ ఈ ఎన్‌పీయూకీ సంబంధం లేదు. స్టిక్కర్ కోసం ఒక్క పైసా అదనంగా పెట్టొద్దు.

మాట వచ్చింది కాబట్టి, బ్రాంచి పేరు మీద కూడా నాకున్న అనుమానం దాచను. డిగ్రీ స్థాయిలోనే ఏఐ అని విడిగా పెట్టిన కోర్సులు కొన్నిచోట్ల ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డేటాబేస్‌లను కుదించి ఆ జాగాలో టూల్స్ నేర్పిస్తున్నాయి. టూల్స్ రెండు మూడేళ్లలో మారిపోతాయి. సిలబస్ తెప్పించి ఆ మూడూ పూర్తి సబ్జెక్టులుగా ఉన్నాయో లేదో చూడండి. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ఎన్ని సెమిస్టర్లున్నాయో చూడండి. తక్కువగా ఉంటే అమ్మాయి సొంతంగా చదువుకోవాలి. ఏ ల్యాప్‌టాప్ అన్న చర్చకు మీ ఇంట్లో పట్టిన సమయంలో సగం సిలబస్‌కు పెట్టినా నాకు సంతోషం.

ఏం కొనాలి? ముందు ర్యామ్, ఆ తర్వాతే మిగతావన్నీ. 16 జీబీ తీసుకోండి. 8 జీబీలో విండోస్, బ్రౌజర్, ఎడిటర్ కలిసే ఐదారు జీబీ తినేస్తాయి. ఆపైన ఆండ్రాయిడ్ ఎమ్యులేటరో, వర్చువల్ మెషినో తెరిస్తే మెమరీ చాలక సిస్టమ్ ఎస్ఎస్‌డీని, అంటే ఫైళ్లు దాచే స్టోరేజీని, ర్యామ్‌లా వాడుకోవడం మొదలుపెడుతుంది. ల్యాప్‌టాప్ నత్తనడక నడిచేది అప్పుడే, దాన్ని చూసి ప్రాసెసర్ బాగాలేదని తిడతారు. బడ్జెట్ చాలక 8 జీబీయే తీసుకుంటే ఖాళీ ర్యామ్ స్లాట్ ఉందో లేదో అడగండి. చాలా పల్చటి మోడళ్లలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేస్తారు, తర్వాత పెంచే దారే ఉండదు. స్లాట్లున్నవాటిలో 16 జీబీ ఒకే ముక్కగా కాక 8, 8గా రెండు ముక్కలుంటే మేలు. విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు దారులుంటే వేగం పెరుగుతుంది.

ప్రాసెసర్ దగ్గర పేర్లు బాగా మోసం చేస్తాయి. ఏఎండీ వారి రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ రెండూ పక్కపక్కనే ఉంటాయి, అంకెల్లో తేడా పదే. మొదటిది పాత జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు). రెండోది జెన్ 3, ఆరు కోర్లు. ఆ 7000 సిరీస్‌లో మూడో అంకె డిజైన్ ఏ తరానిదో చెబుతుంది, అది చూడాలి. ఇంటెల్‌లోనూ అంతే. ఐ7 అన్న అక్షరానికి మురిసిపోకండి: ఐ7-1165జీ7లో నాలుగే కోర్లు, తర్వాత వచ్చిన ఐ5-1335యూలో పది. చివర యూ ఉంటే తక్కువ కరెంటు, ఎక్కువ బ్యాటరీ. హెచ్ ఉంటే వేగం, దాంతోపాటు వేడి. మీ అమ్మాయికి యూ చాలు. ఎన్100 లాంటి ఎన్-సిరీస్ చిప్‌లు చౌకగా దొరుకుతాయి గానీ నాలుగేళ్ల ఇంజినీరింగ్‌కు నిలవవు.

స్టోరేజీ 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, ఈఎంఎంసీ (నెమ్మదైన చౌక రకం) అని రాసుంటే వదిలేయండి. స్క్రీన్ ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్, వెలుగు 300 నిట్స్. వివరాల్లో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, కోడ్ రాయడానికి అడ్డు కాదు. బ్యాటరీని గంటల్లో చెప్పే ప్రకటన నమ్మకుండా వాట్-అవర్లు చూడండి. తేలిక పనికి సగటున 8 నుంచి 10 వాట్లు ఖర్చయితే 50 వాట్-అవర్లకు ఐదారు గంటలొస్తుంది.

మ్యాక్‌బుక్ దగ్గరికొద్దాం. బంధువులబ్బాయి వాదన కారణంతో సహా రాశారు, మీ అమ్మాయిది ఒక్క ముక్కలో ముగించారు. ఎందుకు అడుగుతోందో కనుక్కున్నారా? రోజూ భుజాన మోసేది, ప్లగ్ దొరకని క్లాసులో కూర్చునేది తను. 16 జీబీ ఉన్న, ఎం-సిరీస్ చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్ 13 అంగుళాలది కిలోంబావు బరువు, ఫ్యాన్ లేదు, ఒక్క ఛార్జింగ్‌తో కాలేజీ రోజంతా గడుస్తుంది. పైథాన్, సీ, వెబ్ పనులన్నీ దాని మీద హాయిగా నడుస్తాయి. క్యూడా నడవదు, దానికి కోలాబ్ ఉంది. ర్యామ్, స్టోరేజీ తర్వాత పెంచలేరు కాబట్టి కొనేటప్పుడే సరిపడా తీసుకోవాలి. డిపార్ట్‌మెంట్ జాబితాలో విండోస్‌కే పరిమితమైనది ఏదీ లేకపోతే, అప్పు చేయకుండా కొనగలిగితే, తన కోరిక సబబైనదే. సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ కావాల్సిన మెకానికల్ పిల్లలకు, వివాడో అనే సర్క్యూట్ డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడే ఎలక్ట్రానిక్స్ పిల్లలకు మాత్రం మ్యాక్ వద్దంటాను. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌ల విషయంలోనూ జాగ్రత్త. బ్యాటరీ బాగుంటుంది గానీ, ల్యాబ్ పరికరాల డ్రైవర్లు ఆ చిప్‌కు ప్రత్యేకంగా తయారు చేయకపోతే పనిచేయవు.

డబ్బు ఇబ్బందిగా ఉంటే ఆఫీసుల్లో వాడి తీసేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలీట్‌బుక్ రకాల పాత ల్యాప్‌టాప్‌లు సిగ్గుపడాల్సినవేం కావు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి విండోస్ 11 నడిచేదే చూడాలి. దానికి ఇంటెల్ ప్రాసెసర్ అయితే కనీసం ఎనిమిదో తరం కావాలి, నాలుగేళ్లు లాగాలంటే పదకొండో తరం నుంచి చూడండి. ఆన్ చేసి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి, వెళ్లి చూడాలి. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే పాత కంపెనీ తాళం ఇంకా తీయలేదని అర్థం, కొనకండి.

ఇంటికొచ్చిన రోజే చేయాల్సినవి కొన్ని. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిస్తే ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు నిండాయో కనిపిస్తుంది, బిల్లుతో సరిచూడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొడితే ఒక ఫైలు తయారవుతుంది, అందులో బ్యాటరీ డిజైన్ సామర్థ్యం, ఇప్పుడు నిండే సామర్థ్యం రెండూ ఉంటాయి. కొత్తదానిలో రెండూ దాదాపు సమానంగా ఉండాలి. తెల్ల, నల్ల బొమ్మలు స్క్రీన్ నిండా పెట్టి చుక్కలు వెతకండి. ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. ఇదంతా అమ్మాయి చేత్తోనే చేయించండి, తన మెషిన్ లోపల ఏముందో తనకు తెలియాలి. పరుపు మీద పెట్టి వాడితే అడుగున గాలి దారులు మూసుకుపోయి వేడెక్కుతుంది, వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అది కూడా ముందే చెప్పండి.

గ్రాఫిక్స్ కార్డు వదులుకుంటే మిగిలే డబ్బులో కొంత ప్రమాదవశాత్తూ జరిగే నష్టాలకు రక్షణ పథకం మీద పెట్టండి. మామూలు వారంటీ నీళ్లు ఒలికినా, స్క్రీన్ పగిలినా వర్తించదు, విద్యార్థుల చేతుల్లో ఎక్కువగా జరిగేవి ఆ రెండే. మరికొంతతో బ్యాకప్ కోసం ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్. మిగతాది ముట్టుకోకండి. మూడో ఏడాదిలో డీప్ లెర్నింగ్ ప్రాజెక్టు నిజంగానే కోలాబ్‌కు మించిపోతే, గంటల లెక్కన పెద్ద గ్రాఫిక్స్ కార్డు అద్దెకు తీసుకోవడానికి అది పనికొస్తుంది. ఎప్పుడు, ఎంత ఖర్చు పెట్టాలో అప్పుడు అమ్మాయినే నిర్ణయించుకోనివ్వండి.