వాచీ ముసలిదైందా, బ్యాటరీయేనా?

ప్రశ్న: మా అమ్మాయి మొదటి జీతంతో కొనిచ్చిన స్మార్ట్‌వాచ్ ఇది. మూడేళ్లయింది. మొదట్లో రోజున్నర వచ్చే ఛార్జింగ్ ఇప్పుడు సాయంత్రం నాలుగింటికే అయిపోతోంది. బ్యాటరీ మార్చడం కుదరదు, కొత్తది కొనుక్కోమంటున్నారు. పారేయాల్సిందేనా?

జవాబు: పారేయకండి. ‘కుదరదు’ అంటే చాలాసార్లు ‘మా దగ్గర కుదరదు’ అనే అర్థం.

స్మార్ట్‌వాచీల్లో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ వాడేకొద్దీ అరిగిపోతుంది. యాపిల్ తన వాచీ బ్యాటరీ గురించి చెప్పే లెక్క 1000 ఛార్జింగ్ సైకిళ్లకు 80 శాతం సామర్థ్యం. సైకిల్ అంటే మొత్తం వంద శాతం ఖర్చవడం. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒకటే. రోజున్నరకో సైకిల్ చొప్పున లెక్కేసినా మూడేళ్లలో ఏడు వందలు దాటేస్తాం, ఛార్జింగ్ త్వరగా అయిపోయేకొద్దీ ఇంకా ఎక్కువే. కాబట్టి మీ వాచీ తప్పేం లేదు, దాని పని అది చేసింది.

అయినా ముందు ఒక పరీక్ష చేయండి. స్క్రీన్ ఎప్పుడూ వెలిగి ఉండే ఆప్షన్, రాత్రంతా ఆక్సిజన్ కొలిచే ఆప్షన్ ఆపేసి మూడు రోజులు చూడండి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ కనిపిస్తే అదీ చూడండి. 80 కంటే తక్కువుంటే ఇక మార్చాల్సిందే.

ఇంట్లో మాత్రం విప్పకండి. నేను ఒకసారి పాత వాచీని హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, పల్చటి రేకుతో వెనక మూత లేపాను. గుండె కొలిచే సెన్సర్‌కి వెళ్లే రిబ్బన్ వైరు వెంట్రుకవాసి మందం కూడా లేదు, మూతతో పాటే పుటుక్కున తెగింది. బ్యాటరీ కొత్తదొచ్చింది కానీ నాడి కొలవడం పోయింది. ఆ బాధ నాకింకా ఉంది. పైగా మూత చుట్టూ ఉన్న జిగురే నీటిని ఆపేది. ఒకసారి విప్పాక కొత్త సీల్ వేసి, నీరు చొరబడదని తేల్చే ప్రెషర్ పరీక్ష చేస్తే తప్ప చేతులు కడిగినా భయమే. బయట రిపేరు షాపులో ఇచ్చేటట్టయితే ఈ రెండూ చేస్తారా అని అడిగి ఇవ్వండి.

స్క్రీన్‌గానీ వెనక మూతగానీ కాస్త పైకి లేచినట్టుంటే బ్యాటరీ ఉబ్బిందన్నమాట. వెంటనే చేతి నుంచి తీసేయండి, ఛార్జింగ్ పెట్టకండి, నొక్కి సరిచేయకండి.

కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. అయితే మీ విషయంలో ఒక మాట ముఖ్యం. కొన్ని కంపెనీలు బ్యాటరీ మార్చకుండా, మీ వాచీ తీసుకుని అదే మోడల్‌ది ఇంకొకటి చేతిలో పెడతాయి. మామూలుగా అది లాభమే. కానీ ఇది అమ్మాయి ఇచ్చింది కదండీ. ‘ఈ వాచీయే తిరిగొస్తుందా?’ అని రాతపూర్వకంగా అడగండి. ఇచ్చేముందు డేటా ఫోన్‌లోకి సింక్ చేసుకుని, పట్టీ ఊడదీసి మీ దగ్గరే ఉంచుకోండి.