కథాసారం దగ్గరే ఆగిపోతున్న వ్యాసానికి

గురజాడ అప్పారావు కథ ‘దిద్దుబాటు’ (1910) మీద మీరు రాస్తున్న వ్యాసం కథ తిరిగి చెప్పడంతోనే సరిపోతోందన్నారు. ఏం జరిగిందన్నది పక్కన పెట్టి, రచయిత మనల్ని ఎవరి వెంట నడిపించారో చూడండి. సానిపాట విని రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరిన గోపాలరావు వెంటే మనం గదిలోకి వెళ్తాం, ఇల్లు విడిచి వెళ్తున్నానంటూ భార్య కమలిని రాసిపెట్టిన ఉత్తరం చదువుతాం, అతనితో పాటే కంగారుపడతాం. కమలిని మాత్రం మంచం కిందే ఉండి అంతా వింటోంది. చివర్లో ఆమె నవ్వు, గాజుల చప్పుడు వినిపించాక మొదటి నుంచీ చదివితే, అతని పశ్చాత్తాపపు మాటలన్నీ ఆమె చెవిన పడ్డవేనని తెలుస్తుంది. దృష్టికోణమంటే ఇదే. ఈ ఒక్క అంశం మీదే, నాకెంతో ఇష్టమైన ఆ గాజుల చప్పుడుతోనే, మీ మొదటి పేరా మొదలుపెట్టండి; పాత్రచిత్రణ, సంఘసంస్కరణ దాని వెనకే వస్తాయి.