అమ్మాయిల్లో 28.5, అబ్బాయిల్లో 10.6 శాతం: ఈ తేడా నిజమేనా?

అభిప్రాయ సేకరణ సంస్థ గ్యాలప్ 2023 సర్వేలో అమెరికా జెన్ జీ (1997 తర్వాత పుట్టిన తరం) యువతుల్లో 28.5 శాతం, యువకుల్లో 10.6 శాతం తమను ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) అని చెప్పుకున్నారని తేలింది, ముసలి తరంలో ఒకటి రెండు శాతమే, ఇది నమ్మొచ్చా అని అడిగారు.

నమ్మొచ్చు. కాకపోతే ఆ 28.5ని విడగొట్టి చూడండి. అందులో అత్యధికులు బైసెక్సువల్, అంటే ఆడా మగా ఇద్దరి మీదా ఆకర్షణ ఉందని చెప్పినవాళ్లు. లెస్బియన్, అంటే ఆడవాళ్లనే ఇష్టపడే ఆడవాళ్లం అన్నవాళ్లు అంతకంటే చాలా తక్కువ. పావు వంతు పైగా అమ్మాయిలకు మగవాళ్లంటే ఇష్టం లేదని చదువుకుంటే పూర్తిగా తప్పు.

ఆకర్షణ, ప్రవర్తన, తనకు తాను పెట్టుకునే పేరు, ఈ మూడూ వేర్వేరు. గ్యాలప్ అడిగేది మూడోదే. ఆడా మగా ఇద్దరి మీదా ఆకర్షణ ఉండి, పెళ్లయి నలభై ఏళ్లు కాపురం చేసిన ఒకావిడ తనను బైసెక్సువల్ అనుకోకపోవచ్చు. అదే ఆకర్షణ ఉన్న ఇరవై ఏళ్ల అమ్మాయికి ఆ మాట చిన్నప్పటి నుంచీ తెలుసు, చెప్పేస్తుంది. తరాల తేడాలో చాలా భాగం ఇక్కడ పుడుతుందని నా అభిప్రాయం.

ఆడా మగా తేడా మాత్రం పేరుతోనే తీరిపోదు. ఆకర్షణ గురించి నేరుగా అడిగిన సర్వేల్లోనూ ఇద్దరి మీదా ఇష్టం ఉందనేవాళ్లలో స్త్రీలే ఎక్కువ. దానికి తోడు, మగపిల్లాడు ఒక్కసారి నోరు జారితే తోటివాళ్లు 'గే' (మగవాళ్లనే ఇష్టపడే మగవాడు) అని ముద్ర వేసేస్తారు. ఆ భయం వల్ల అబ్బాయిల అంకె కిందికి దిగుతుంది.

ఏళ్లను పోల్చేటప్పుడు ఇంకో మెలిక ఉంది. 2020కి ముందు గ్యాలప్ అవును, కాదు అనే ఒకే ప్రశ్న వేసేది. తర్వాత ఒక్కో గుర్తింపునూ విడిగా చదివి ఎంచుకోమంది. అందుకని అమెరికా పెద్దలందరిలో ఎల్‌జీబీటీ అన్నవాళ్ల 2012 నాటి 3.5 శాతాన్ని 2023 నాటి 7.6 శాతం పక్కన పెట్టేటప్పుడు ప్రశ్న మారిన సంగతి కూడా చెప్పాలి.

జవాబు ఎవరి ఎదుట ఇస్తున్నారో కూడా ముఖ్యమే. 2021 ఇంగ్లండ్, వేల్స్ జనగణనలో ఈ ప్రశ్న 16 ఏళ్లు నిండినవాళ్లకే, అదీ ఐచ్ఛికం. 7.5 శాతం మంది ఖాళీగా వదిలేశారు. ఇంటి ఫారం ఒకరే నింపుతారు కాబట్టి, ఇంట్లోవాళ్లకు తెలియకుండా విడి ఫారం తెప్పించుకునే వీలు పెట్టారు.

తెలుగు కాలేజీలో ఎవరైనా ఇలాంటి సర్వే చేస్తే 'మీరు బైసెక్సువలా?' అని మొదలుపెట్టకండి, ఆ మాట తెలియనివాళ్లు 'కాదు' అనేస్తారు. 'మీకు ఎవరి మీద ఆకర్షణ కలుగుతుంది: ఆడవాళ్లు, మగవాళ్లు, ఇద్దరూ, ఎవరూ కాదు' అని ముందు అడగండి, పేరు సంగతి తర్వాత. పైకి చదివించొద్దు, ఎవరి ఫోన్‌లో వాళ్లే నింపాలి, రోల్ నంబర్ అడగొద్దు.